చీటీ రాసిన పిల్లకు, మిగతా పిల్లలందరికీ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మీ బడికి పోలీసులు వచ్చినప్పుడు నేనూ వెనక బెంచీలో కూర్చున్నాను. పేరు రాయకుండా చీటీ మీద ప్రశ్న రాయమంటే, అందరూ చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ రాశారు. ఒక చీటీ విప్పి ఎస్సై మేడం కాసేపు ఆగిపోయింది. "మా అన్న గంజాయి తాగతా ఉండాడు. చెప్తే జైల్లో పెడతారా?" ఆమె జవాబు మొదలుపెట్టేలోపే బెల్లు కొట్టారు. అందుకే ఈ ఉత్తరం.

గంజాయి తాగడం నేరమే. కానీ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం, తాగేవాణ్ణీ అమ్మేవాణ్ణీ ఒకే గాటన కట్టదు. అలవాటుపడినవాడు తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలోనో, గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చేరి చికిత్స పూర్తి చేసుకుంటే, తాగిన కేసు నుంచి 64ఏ సెక్షన్ కాపాడుతుంది. మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు.

నాకు ఇంకా పెద్ద భయం సంచి గురించి. మన్యం నుంచి చెన్నై వైపు పోయే సరుకుకు మన తిరుపతి దారిలోనే ఉంది. "ఈ బ్యాగు రైల్లో పట్టుకుపో, ఖర్చులకు డబ్బులిస్తా" అని ఎవరైనా అంటే, అన్న స్నేహితుడైనా సరే, ముట్టుకోవద్దు. ఇరవై కిలోలకు మించి గంజాయి దొరికితే కనీసం పదేళ్ల జైలు. లోపల ఏముందో తెలీదంటే సరిపోదు, తెలీదని కోర్టులో మనమే రుజువు చేసుకోవాలి. పిల్లల చేత ఇలా మోయించేవాళ్లకు బాలల న్యాయ చట్టం కింద వేరే శిక్ష ఉంది.

ఎవరైనా అమ్ముతున్నట్టు కనిపిస్తే 1972కు ఫోన్ చేయండి. అది మత్తుమందులను అరికట్టే మన రాష్ట్ర ఈగల్ విభాగం నంబరు, పేరు బయటపెట్టరు. మీరు వాళ్ల వెంటపడి ఫొటోలు తీయొద్దు. అది పోలీసుల పని.

మత్తుమందుల వ్యతిరేక దినమని జూన్ 26న ర్యాలీ తీసి, ప్రతిజ్ఞ చేయించి వెళ్లిపోతే చాలదని నా గట్టి అభిప్రాయం. ఆ చీటీల డబ్బా బడిలోనే ఉంచి, నెలకోసారి వచ్చి జవాబులు చెప్పమని ఎస్సై మేడంను అడిగాను.

చీటీ రాసిన తల్లీ, నువ్వెవరో నాకు తెలీదు, తెలుసుకోను కూడా. అన్నను తిట్టొద్దు. మత్తు అలవాటు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు, డబ్బులు పడవు. మన రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంది. ఇంట్లో నాన్నకు చెప్పడానికి టెన్షన్‌గా ఉంటే ఈ ఉత్తరం చూపించు. అయినా కోప్పడితే సాయంత్రం మా అరుగు దగ్గరికి తీసుకురా, నేను మాట్లాడతాను.

మీ తాతయ్య
తిరుపతి