ఈకల టోపీ పోయింది, కత్తి మిగిలింది

2017 ఆగస్టు 1న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో నైట్స్ ఆఫ్ కొలంబస్ 135వ మహాసభ జరుగుతోంది. ఇది కథోలిక మగవాళ్ల సోదర సంఘం, సభ్యులు దాదాపు 20 లక్షల మంది. అధినేతను వాళ్లు సుప్రీమ్ నైట్ అంటారు. అప్పట్లో ఆ పదవిలో ఉన్న కార్ల్ ఆండర్సన్ వేదిక మీద నుంచి ఒక నిర్ణయం ప్రకటించారు. నాలుగో డిగ్రీ, అంటే సభ్యత్వంలో అన్నిటికంటే పై మెట్టు ఎక్కినవాళ్ల యూనిఫాం మారుతుంది. ఈకల టోపీ, కేప్, టక్సీడో పోతాయి. వాటి బదులు నీలం బ్లేజర్, బూడిద రంగు ప్యాంటు, నల్ల బెరే టోపీ వస్తాయి. కాలానికి తగ్గట్టు మారాల్సిన సమయం వచ్చిందని బోర్డు భావించింది, అంతే.

ఆ తర్వాత రేగిన గొడవ చూస్తే ఏదో సిద్ధాంతం మార్చేశారేమో అనిపిస్తుంది. సంతకాల సేకరణ మొదలైంది. మమ్మల్ని ఒక్క మాటైనా అడిగారా అని పెద్దవాళ్లు నొచ్చుకున్నారు. వందల డాలర్లు సొంత జేబులోంచి పెట్టి కొనుక్కున్న సరంజామా ఏం చేసుకోవాలన్నారు. అన్నిటికంటే ఎక్కువగా వినపడిన మాట ‘సంప్రదాయం’. ఆ సంప్రదాయం వయసెంతో తెలియాలంటే ముందు ఈ సంఘం ఎందుకు పుట్టిందో చూడాలి.

దీని పుట్టిల్లు కనెక్టికట్ రాష్ట్రం న్యూహేవెన్‌లోని సెయింట్ మేరీ చర్చి. డబ్బున్నవాళ్ల వీధిలో ఆ గుడి లేచినప్పుడు, అంత గొప్ప వీధికి రోమన్ చర్చి మచ్చ తెచ్చిందన్న అర్థం వచ్చేలా న్యూయార్క్ టైమ్స్ 1879లో శీర్షిక పెట్టింది. ఐరిష్ వలస కూలీలను, వాళ్ల మతాన్ని అక్కడివాళ్లు ఎలా చూసేవారో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు. ఆ చర్చిలో సహాయ గురువుగా ఉన్న ఫాదర్ మైకేల్ మెక్‌గివ్నీకి రోజూ కనిపించిన కష్టం మరొకటి. ఇంటి పెద్ద ఫ్యాక్టరీలోనో జబ్బుతోనో పోతే భార్యాపిల్లలు వీధిన పడేవారు. 1881లో కొందరిని కూడగట్టారు, 1882 మార్చి 29న సంఘానికి ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. పద్ధతి సులువైనది. సభ్యుడు చనిపోతే మిగతావాళ్లు తలా ఒక డాలరు వేసుకుంటారు, వితంతువు చేతికి 1,000 డాలర్లు వెళ్తాయి. మన చీటీపాటల లెక్క తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇవాళ ఆ సంఘం నడిపే జీవిత బీమా విలువ 10,000 కోట్ల డాలర్లు దాటింది. మెక్‌గివ్నీ మాత్రం 38 ఏళ్లకే, 1890లో, న్యుమోనియాతో పోయారు. 2020 అక్టోబర్‌లో ఆయనకు ‘ధన్యుడు’ హోదా, అంటే పునీతుడు కావడానికి ముందు మెట్టు, దక్కింది.

మరి బీమా సంఘానికి కత్తులెందుకు?

అంతర్యుద్ధం తర్వాతి అమెరికాలో మగవాడన్నవాడికి ఏదో ఒక సంఘం ఉండేది. మేసన్లు, ఆడ్ ఫెలోస్, నైట్స్ ఆఫ్ పిథియస్. అందులో చేరితే బీమా, పరిచయాలు, పరువు, పండగ రోజున వీధిలో కవాతు. కవాతుకు డ్రెస్సు కావాలి కాబట్టి ఆ డ్రెస్సులు, కత్తులు కుట్టి పోతపోసి అమ్మే కంపెనీలే వెలిశాయి. ఒహాయోలో ఎం.సి. లిల్లీ, మసాచుసెట్స్‌లో ఏమ్స్ ఆ రోజుల్లో పెద్ద పేర్లు. మేసన్లలో నైట్స్ టెంప్లర్ శాఖవాళ్లు నౌకాదళ అధికారుల టోపీని అరువు తెచ్చుకున్నారు. ముందూ వెనకా కొసలు తేలి, పైన నిప్పుకోడి ఈకలుండే ఆ టోపీయే షపో. భుజం మీద నుంచి ఏటవాలుగా దిగే పట్టీ, అంటే బాల్డ్రిక్, దానికి వేలాడే కత్తి కూడా వాళ్ల దగ్గర ఉండేవి.

కథోలికులకు అక్కడ ప్రవేశం లేదు. నిజానికి తలుపు వేసింది సొంత చర్చే. మేసన్ల సంఘాల్లో చేరొద్దని 1738లోనే పోపు పన్నెండో క్లెమెంట్ శాసించారు. 1884లో పదమూడో లియో మళ్లీ గట్టిగా హెచ్చరించారు. అటు వెళ్లకూడదు, ఇటు ఏ సంఘమూ లేకుండా ఉండలేరు. ఆ ఖాళీలోకి వచ్చిందే నైట్స్ ఆఫ్ కొలంబస్. వెళ్లొద్దన్న ఇంట్లోని డిగ్రీలు, రహస్య దీక్షలు, కత్తులు దాదాపుగా ఇక్కడికే నడిచొచ్చాయి. ఈ పోలిక ఎత్తితే చాలామంది సభ్యులకు నచ్చదు, కానీ రెండు పక్షాల పాత గ్రూప్ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే వాదించడం కష్టం.

మొదటి మూడు డిగ్రీలు దానం, ఐక్యత, సోదరభావం. నాలుగోది దేశభక్తి. అది 1900లో వచ్చింది, ఫిబ్రవరి 22న న్యూయార్క్‌లో మొదటి బృందానికి ఇచ్చారు. జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజు ఫిబ్రవరి 22 అన్నది గమనించాలి. పోపుకు విధేయులైనవాళ్లు అమెరికాకు విధేయులుగా ఉండలేరన్న అనుమానానికి అది జవాబు. కొలంబస్ పేరు పెట్టుకోవడం వెనకా అదే లెక్క: ఈ గడ్డ మీద మొదట అడుగుపెట్టినవాడు కథోలికుడే కదా అని. బాల్డ్రిక్ రంగులు కూడా దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో ఎరుపు, తెలుపు, నీలం. కెనడాలో ఎరుపు, తెలుపు. మెక్సికోలో దానికి ఆకుపచ్చ తోడవుతుంది.

అయితే అనుమానం తగ్గించడానికి పట్టిన కత్తే కొత్త అనుమానం తెచ్చింది. నాలుగో డిగ్రీవాళ్లు ప్రొటెస్టెంట్లను చంపుతామని రహస్య ప్రమాణం చేస్తారంటూ ఒక దొంగ పత్రం ఊరూరా తిరిగింది. పెన్సిల్వేనియాలో 1912 ఎన్నికల్లో ఓడిపోయిన ఒక కథోలిక అభ్యర్థి, ఆ పత్రం పంచి నన్ను దెబ్బతీశారని అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు ఫిర్యాదు చేశారు. అది అబద్ధమని చూపించడానికి 1913లో ఆ పాఠాన్ని కాంగ్రెస్ రికార్డులో అచ్చువేశారు. ఇక చూడండి, ‘ప్రభుత్వ రికార్డులోనే ఉంది’ అని దాన్నే సాక్ష్యంగా ఎత్తి చూపడం మొదలైంది! వాట్సాప్ రాక ముందే వాట్సాప్ పనులన్నీ జరిగాయి. 1920ల్లో తెల్లజాతి దురహంకార ముఠా కు క్లక్స్ క్లాన్ కూడా ఆ పత్రాన్ని బాగా వాడుకుంది.

ఇప్పుడు సంప్రదాయం సంగతి. ఆ 1900 నాటి నాలుగో డిగ్రీవాళ్ల తల మీద షపో లేదు. తెల్ల టై, టెయిల్ కోటు, నిటారుగా నిలబడే నల్ల టాప్ హ్యాట్. ఆనాటి పెద్దమనుషుల సాయంత్రపు దుస్తులు, నడుము దగ్గర కత్తి. ఈకల టోపీ, కేప్ వచ్చింది 1940లో. అంటే 2017లో తాతల నాటిదని కన్నీళ్లు పెట్టుకున్న వేషానికి వయసు 77 ఏళ్లు. గుంపులో అంతకంటే పెద్ద వయసు సభ్యులే కొందరు ఉండి ఉంటారు. 1940లో టాప్ హ్యాట్ కోసం ఎవరు ఎంత బాధపడ్డారో ఇప్పుడు తలుచుకునేవాళ్లు లేరు.

షపో పోతే బాధపడటంలో అర్థం లేదని కాదు. ఆ ఈకలు ఒక భాష. ఎర్ర ఈక మామూలు సభ్యుడిది, ఊదా రంగు దళ నాయకుడిది, తెల్లది స్థానిక శాఖ పెద్ద అయిన ఫెయిత్‌ఫుల్ నావిగేటర్‌ది, ఆకుపచ్చ మార్షల్‌ది, బంగారు రంగు మాస్టర్‌ది. చర్చి వెనక వరసలో కూర్చున్న పిల్లవాడికి కూడా ఎవరు ఎవరో తెలిసిపోయేది. సముద్రపు దొంగలొచ్చారనుకున్న పిల్లలూ ఉన్నారనుకోండి. నల్ల బెరేలో ఆ రంగుల సందడి లేదు.

కత్తి డ్రిల్లు మాత్రం అలాగే ఉంది. ఎన్‌సీసీ చేసినవాళ్లకు తెలిసిన సూత్రమే, ఆజ్ఞ రెండు ముక్కలుగా వస్తుంది. నాయకుడు ‘డ్రా’ అనగానే ఎడమ చెయ్యి ఒరను పట్టుకుంటుంది, కుడి చెయ్యి పిడి మీదికి వెళ్లి కత్తిని కొన్ని అంగుళాలు మాత్రమే లాగి ఆగుతుంది. ఒక క్షణం అందరూ అలాగే. ‘సోర్డ్స్’ అనగానే వరసంతా ఒక్కసారి దూస్తుంది. చెయ్యి చాచి, మొన ఏటవాలుగా ఆకాశం వైపు, చిన్న విరామం. తర్వాత కత్తి కుడి భుజానికి నిలువుగా ఆనుతుంది, అది ‘క్యారీ’. బిషప్ నడిచొచ్చేటప్పుడు ‘ప్రెజెంట్’, పిడి ముఖం ముందుకు వస్తుంది, అదే సెల్యూట్. చూసేవాళ్లకు దూయడమే గొప్పగా కనిపిస్తుంది గానీ అసలు టెన్షన్ తిరిగి ఒరలో పెట్టేటప్పుడే. తెల్ల గ్లవుజుల్లో చేతులు, ఒర మూతి చూస్తే రెండు వేళ్ల వెడల్పు కూడా ఉండదు. డెబ్బై దాటిన పెద్దాయన మొన కోసం తడుముకుంటుంటే పక్కవాళ్లు కదలకుండా ఎదురు చూస్తారు.

కత్తికి పదును ఉండదు. దానితో జరిగే పనులు కూడా నెమ్మదైనవే. దివ్యపూజకు ముందు గురువుల ఊరేగింపుకు రెండు వైపులా నిలబడటం, చనిపోయిన సభ్యుడి శవపేటిక పక్కన కాపలా నిలబడటం. ఈ రెండో పనిలో మాటలుండవు. కాపలావాళ్లు మారే క్షణంలో బూట్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. గుంటూరు, ఖమ్మం వైపుల నుంచి వెళ్లి అమెరికా విచారణల్లో, అంటే అక్కడి పారిష్ చర్చిల్లో, పనిచేస్తున్న మన తెలుగు ఫాదర్లలో కొందరికి ఈ కత్తుల వరస మధ్య నుంచి పీఠం దాకా నడవడం అలవాటైపోయింది. మన దగ్గర ఊరేగింపంటే బ్యాండు మేళం, జెండాలు, పూలు. నైట్స్ ఆఫ్ కొలంబస్ ఇక్కడ వేళ్లూనలేదు.

2017 ప్రకటనలో మొదట కొంత వెసులుబాటు ఇచ్చారు: ఊరేగింపుల్లో, గౌరవ దళంలో కావాలంటే పాత కేప్, షపో కొన్నాళ్లు వాడుకోవచ్చు, కానీ మేం కోరేది కొత్తదే అన్నారు. తర్వాత ఆ సడలింపుకు 2019 జులై 1 గడువైంది. కొత్త డ్రెస్సు వేసుకోవడం తేలిక, మామూలు బ్లేజర్‌లాగే ఉంటుంది, కుర్రాళ్లు సిగ్గుపడరు అన్నది సంఘం కేంద్ర కార్యాలయం వాదన. చేరేవాళ్ల సగటు వయసు చూస్తే ఆ ఆందోళన ఊరికే వచ్చింది కాదు. 2020 నుంచి మొదటి మూడు డిగ్రీల రహస్య దీక్షలను కూడా ఒకే కార్యక్రమంగా కలిపి, కుటుంబాల ముందే జరపడం మొదలుపెట్టారు. ఒకప్పుడు దొంగ ప్రమాణం పుకారు బతికింది ఆ మూసిన తలుపుల వల్లే.

బెరే విషయంలో ఒక చిన్న ముచ్చట. 2001లో అమెరికా సైన్యం నల్ల బెరేను అందరికీ ఇచ్చినప్పుడు, అంతదాకా అది తమ ఒక్కరిదే అనుకున్న రేంజర్లు, అంటే సైన్యంలోని ప్రత్యేక దళంవాళ్లు, ఇలాగే మండిపడ్డారు. చివరికి వాళ్లు లేత గోధుమ రంగు బెరేకు మారారు.

టాప్ హ్యాట్ పోయినప్పుడూ, షపో పోయినప్పుడూ ఎవరూ ముట్టుకోనిది కత్తిని, దాని బాల్డ్రిక్‌ను. పాత కత్తి ఉన్నవాళ్లు కొత్తది కొననక్కర్లేదు. దాని పిడి కొసన కొలంబస్ తల ఉంటుంది. షపోలేమో ఇప్పుడు ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ అమ్మకాల్లో దొరుకుతున్నాయి, కొన్ని పెట్టెతో సహా.