సముద్రంలో పోయినవారి లెక్క కళాకారుల చేతికి వచ్చిన కథ

విమానం కూలితే ప్రయాణికుల జాబితా గంటల్లో బయటికి వస్తుంది. వలసదారుల పడవ మునిగితే జాబితాయే ఉండదు. డబ్బు తీసుకుని ఎక్కించిన దళారులు పేర్లు బయటపెట్టరు. చాలామంది దగ్గర గుర్తింపు పత్రాలు ఉండవు. పోయినవారు ఎవరో తేల్చే బాధ్యత తమదేనంటూ ఏ దేశమూ ముందుకు రాదు. ఎవరూ రాయని ఆ లెక్కను నలుగురూ తిరిగే చోట పెట్టే పనికి కళాకారులు పూనుకున్నారు.

2001 అక్టోబరు 19న ఇండోనేషియా నుంచి ఆస్ట్రేలియాకు బయలుదేరిన పడవ మునిగి 353 మంది చనిపోయారు. వారిలో 146 మంది పిల్లలు. ‘సీవ్ ఎక్స్’ పేరుతో గుర్తుండిపోయిన ఈ దుర్ఘటనకు స్మారకం కావాలని కొందరు పౌరులు పూనుకున్నారు. నమూనా ఎలా ఉండాలని బడిపిల్లలనే అడిగారు. చివరికి ఓ విద్యార్థి ఆలోచనే నిలిచింది: మనిషికొక కొయ్య స్తంభం. పెద్దలకు పొడవైనది, పిల్లలకు పొట్టిది. దేశం నలుమూలలా బడులు, చర్చిలు, స్థానిక సంఘాలు తలా ఒక స్తంభానికి రంగులు వేసి కాన్‌బెరాకు పంపాయి. శాశ్వతంగా నిలిపేందుకు అనుమతి రాకపోవడంతో 2006 అక్టోబరులో సరస్సు ఒడ్డున జనమే వాటిని చేతులతో ఎత్తి పట్టుకున్నారు. మరుసటి ఏడాది అక్కడే నాటారు. కొన్ని స్తంభాలు ఆ పడవ ఆకారాన్ని చూపిస్తాయి. లోపల నిలబడితే అది ఎంత ఇరుకో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఐరోపాలో ఈ కథకు కేంద్రం ఇటలీ దీవి లాంపెడూసా. ఇటలీ శిల్పి మిమ్మో పలదీనో సముద్రంలో పోయిన వలసదారులకు స్మారకంగా 2008లో అక్కడ ఆఫ్రికా వైపు తిరిగిన ద్వారాన్ని నిలిపారు. అయిదేళ్లు తిరిగేసరికి, 2013 అక్టోబరు 3న, ఆ దీవికి కూతవేటు దూరంలో పడవ మునిగి 368 మంది చనిపోయారు. ఎక్కువమంది ఎరిత్రియా దేశస్థులు. శవపేటికల మీద పేర్లకు బదులు అంకెలు వేశారు. అదే నెలలో ఇటలీ సముద్రంలో వలసదారులను కాపాడే ‘మారే నోస్ట్రుమ్’ చర్య మొదలుపెట్టి, ఏడాదికే ఆపేసింది. అంతర్జాతీయ వలసల సంస్థ దారిలో చనిపోయిన, గల్లంతైనవారి లెక్కలు రాయడం కూడా ఆ విషాదం తర్వాతే. 2014 నుంచి 2023 చివరి వరకు ఒక్క మధ్యధరాలోనే ఆ సంఖ్య 28,000 దాటింది.

2016లో చైనా కళాకారుడు ఐ వేవే, శరణార్థులు చేరిన గ్రీసు దీవి లెస్బోస్ తీరంలో పోగైన 14,000 లైఫ్ జాకెట్లను బెర్లిన్ కచేరీ భవనం స్తంభాలకు చుట్టారు. ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. నాకు మాత్రం దానికన్నా టర్కీ కళాకారిణి బాను జెన్నెతోగ్లు చేసిన పనే బరువైనదనిపిస్తుంది. ఐరోపాకు చేరే ప్రయత్నంలో చనిపోయినవారి జాబితాను ‘యునైటెడ్’ అనే సంఘాల కూటమి 1993 నుంచి రాస్తోంది. ఆమె దాన్ని గోడలకెక్కించారు. 2018లో లివర్‌పూల్ వీధిలో అతికించిన ఆ జాబితాలో 34,361 మరణాలున్నాయి. చాలా వరుసల్లో పేరు ఉండాల్సిన చోట పేరు తెలియదనే రాసి ఉంది. దాన్ని ఎవరో చించేశారు. మళ్లీ అతికిస్తే మళ్లీ చించారు. ఈసారి ఆ చిరుగులను అలాగే ఉంచేశారు.

వెనిస్‌లో 2019లో జరిగింది దీనికి పూర్తిగా భిన్నం. 2015 ఏప్రిల్ 18న వందల మందితో మునిగి, 28 మందిని మాత్రమే ప్రాణాలతో మిగిల్చిన చేపల పడవను స్విట్జర్లాండ్ కళాకారుడు క్రిస్టోఫ్ బ్యూషెల్ అక్కడి కళా ప్రదర్శనకు తెచ్చారు. పక్కన ఒక్క వాక్యమైనా రాసిపెట్టలేదు. సందర్శకులు దాని ముందు కాఫీ తాగారు, ఫొటోలు దిగారు. విమర్శలు వెల్లువెత్తాయి. సరైన విమర్శలే. పడవ ఎవరిదో, అందులో ఎవరు పోయారో చెప్పకపోతే అది చూసేవారికి తుప్పు పట్టిన ఇనుమే. అదే పడవలోంచి తీసిన మృతుల అవశేషాలను మిలాన్ ఫోరెన్సిక్ నిపుణురాలు క్రిస్టీనా కట్టానియో బృందం ఒక్కొక్కటిగా పరీక్షించింది. ఒక బాలుడి జాకెట్ లోపల కుట్టి దాచిన బడి మార్కుల పత్రం వారికి దొరికింది. పడవను 2021లో సిసిలీలోని ఆగస్టా రేవుకు తిరిగి చేర్చారు. దాన్ని స్మారకంగా నిలపాలని స్థానికులు అంతకు ముందు నుంచే అడుగుతున్నారు.