ఇండక్షన్ పొయ్యి కొనేముందు కరెంటు బిల్లు బయటికి తీయండి

పోయిన వారం భవానీపురం నుంచి ఒకావిడ ఇండక్షన్ పొయ్యిని అట్టపెట్టెతో సహా ఆటోలో వేసుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. "అన్నా, దీంట్లో ఏదో లోపం ఉంది. ఊరికే కరెంటు లాగేస్తంది. నెలకి వెయ్యి లోపు కట్టేవాళ్లం, ఈసారి ఓనరు పద్దెనిమిది వందల నలభై ఐదు రాశాడు" అంది. విప్పాను. కాయిల్ బాగుంది, ఫ్యాను తిరుగుతోంది, బోర్డు మీద మచ్చ కూడా లేదు. క్లాంపు మీటరు పెట్టి చూస్తే రెండు వేల వాట్ల పొయ్యి రెండు వేల వాట్లే తీసుకుంటోంది. నిక్షేపంలా ఉంది.

ఈ నెలలో ఇలా వచ్చినవాళ్లలో ఆవిడ నాలుగో మనిషి. బెజవాడలో స్టవ్వులు, మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తూ ఇరవై నాలుగేళ్లు గడిపాను. గ్యాస్ ధర పెరిగిందనో, పెరగబోతోందనో ఒక మాట పుట్టగానే ఏం జరుగుతుందో నాకు తెలుసు. ముందు వాట్సాప్‌లో మెసేజీ తిరుగుతుంది, తర్వాత ఇండక్షన్ పొయ్యిలు అమ్ముడవుతాయి, రెండు నెలలకు అవి నా కొట్టుకొస్తాయి.

అపోహ: కరెంటు వంట ఎప్పుడైనా గ్యాస్ కంటే చవక.

ఇది పూర్తిగా అబద్ధమైతే కొట్టిపారేసేవాణ్ణి. కొన్ని ఇళ్లలో ఇది నిజం కూడా, చిక్కంతా అక్కడే. మీ ఇల్లు ఆ కొన్నింట్లో ఉందో లేదో పొయ్యి చెప్పదు, అమ్మే కుర్రాడు చెప్పడు. మీ కరెంటు బిల్లు చెబుతుంది.

లెక్క చూడండి. 14.2 కిలోల గ్యాస్ బండలో ఉన్న వేడిని కరెంటు యూనిట్లలోకి మారిస్తే సుమారు 180 యూనిట్లు. స్టవ్వు మంచిదైతే అందులో సుమారు 68 శాతం, మన ఇళ్లలో మసిపట్టిన స్టవ్వులైతే 60 లేదా అంతకన్నా తక్కువ గిన్నెకు చేరుతుంది. మిగతాది వంటగదిలో మనకు చెమటలు పట్టించడానికి పోతుంది. ఇండక్షన్ మీద 85 శాతం దాకా గిన్నెకే పోతుంది. కాబట్టి ఒక బండ చేసే వంటను కరెంటు మీద చేయాలంటే 130 నుంచి 145 యూనిట్లు కావాలి. నేను 135 అని పట్టుకుంటాను.

ఆ 135 యూనిట్లు మీకు ఏ రేటున పడతాయన్నదే అసలు సంగతి. మన ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు రూపాయి తొంభై పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. అందరూ చేసే తప్పేంటంటే బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి "మాకు యూనిట్ నాలుగు రూపాయలే పడుతోంది, 135 నాలుగులు 540, బండ కంటే ఎంత తక్కువో" అనుకోవడం. చవక యూనిట్లను మీ ఫ్యాన్లు, ఫ్రిజ్జు ఎప్పుడో తినేశాయి. కొత్తగా వచ్చిన పొయ్యి వరసలో చివర నిలబడుతుంది, దానికి చివరి శ్లాబు రేటే పడుతుంది. యూనిట్ 3 రూపాయల దగ్గర ఒక బండ వంటకు 405, నాలుగున్నర దగ్గర 607, 6 దగ్గర 810, 8.75 దగ్గర 1181, 9.75 దగ్గర 1316. దీని మీద సుంకం, సర్దుబాటు చార్జీలు అదనం. పక్కన మీరు బండకు కడుతున్న ధర రాసుకోండి.

ఇద్దరు మనుషులు, రెండు ఫ్యాన్లు, చిన్న ఫ్రిజ్జు, నెలకు 60 యూనిట్లు కాలే ఇల్లు అనుకుందాం. బండ నలభై మూడు రోజులొస్తే వంటకు నెలకు 95 యూనిట్లు చేరతాయి, 155 అవుతుంది. పెరిగేది 450 రూపాయలు. ఒక బండ వంటకు లెక్కేస్తే కరెంటు 640. ఆ ఇంట్లో ఇండక్షన్ లాభమే, నిక్షేపంగా కొనుక్కోవచ్చు. అదే 180 యూనిట్లు కాలే ఇంట్లో 95 చేరితే 275 అవుతుంది. పెరిగేది 707, ఒక బండ వంటకు లెక్కేస్తే వెయ్యి దాటుతుంది. మేలో ఏసీ వేసుకుని 350 దగ్గరున్న ఇంట్లో అయితే ఒక బండ వంటకు పన్నెండు వందల నలభై పైనే. బెజవాడ ఎండల్లో ఏసీ వేసుకున్న పాపానికి పప్పుచారుకు కూడా తొమ్మిది డెబ్బై ఐదు రేటు కట్టాలన్నమాట.

ఇప్పుడు భవానీపురం ఆవిడ సంగతి. వాళ్లది అద్దె వాటా. సబ్ మీటరు, అంటే ఓనరు తన మీటరు కింద పెట్టుకున్న చిన్న మీటరు. ఓనరు యూనిట్‌కు 9 రూపాయలు వసూలు చేస్తాడు. శ్లాబుల లెక్కే లేదు, మొదటి యూనిట్ నుంచీ తొమ్మిదే. ఇంతకు ముందు 110 యూనిట్లకు 990 కట్టేవాళ్లు, ఇప్పుడు 205కి 1845. గ్యాస్ మానేసి నెలకు ఆరు వందల పైచిలుకు మిగుల్చుకుని, కరెంటుకు 855 పోస్తున్నారు. పొయ్యి ఖరీదు వేరే. ఇంట్లో ఉన్న సిల్వర్ గిన్నెలు, రాగి చెంబు, పాత కుక్కరు దాని మీద పనిచేయవు కాబట్టి కొత్త గిన్నెలు వేరే. (గిన్నె అడుగుకు ఫ్రిజ్జు మీది అయస్కాంతం అంటుకుంటే పనిచేస్తుంది, లేకపోతే లేదు. కొట్టుకెళ్లేముందు చూసుకోవాల్సింది ఇంతే, ఎవరూ చూసుకోరు.)

ఆవిడకు ఇదంతా కాగితం మీద రాసి చూపిస్తే కళ్లనీళ్లు పెట్టుకుంది. "మా ఆయన వద్దన్నా నేనే కొనిపించానన్నా" అంది. అందులో ఆవిడ తప్పేముంది? బియ్యం, నూనె, ఆటో, పిల్లల ఫీజు, అన్నీ ఒక్కసారి పెరిగితే ఇల్లాలు ఏదో ఒక దాన్ని తగ్గించాలనే చూస్తుంది. కోపం నాకు ఆ మెసేజీలు రాసేవాళ్ల మీద.

అద్దెకుండేవాళ్లకు ఒక మాట. అదే 110 యూనిట్లు విడి సర్వీసు మీటరున్న వాటాలో కాలితే శ్లాబుల లెక్కన 350 రూపాయలు, పై చార్జీలు కాస్త. సబ్ మీటరు మీద తొమ్మిది చొప్పున 990. ఇల్లు వెతికేటప్పుడు నీళ్లొస్తాయా, పార్కింగ్ ఉందా అని అడుగుతారు, మీటరు ఎవరి పేరున, విడిగా ఉందా అని అడగరు. విడి మీటరున్న వాటాకు అద్దె మూడొందలు ఎక్కువ చెప్పినా మీరు నష్టపోయేది లేదు. ఓనర్లను తిట్టడం నా ఉద్దేశం కాదు, నీళ్ల మోటారు, మెట్ల లైట్లు వాళ్ల లెక్కలోనే ఉంటాయి. అయినా అడగండి.

ఇంకో భయం కూడా నిజమైనదే. కొన్ని పథకాలకు నెల సగటు కరెంటు వాడకం 300 యూనిట్లు దాటకూడదన్న షరతు ఉంది. బడికెళ్లే పిల్లల తల్లులకు డబ్బిచ్చే తల్లికి వందనం కోసం ఎదురుచూస్తూ 250 దగ్గర ఆగి ఉన్న ఇంట్లో నెలకు తొంభై ఐదు యూనిట్ల పొయ్యి తెచ్చి పెట్టడం ఏం తెలివి? అలాగే 2024 దీపావళి నుంచి దీపం పథకంలో ఏడాదికి మూడు బండల డబ్బు వెనక్కి వస్తున్న ఇళ్లున్నాయి. ఆ మూడు బండలూ వాడుకోకుండా ఇండక్షన్ మీద వండుకునేవాళ్లను చూశాను. గడువు దాటితే ఆ విడత బండ పోతుంది, మళ్లీ అడిగినా ఇవ్వరు.

అలాగని గ్యాసే గొప్ప అని నేను చెప్పబోవడం లేదు. 2023 మార్చిలో బండ 1100 దాటినప్పుడు ఇదే లెక్క వేసి మా అక్కతో గుంటూరు బ్రాడీపేటలో ఇండక్షన్ కొనిపించింది నేనే. ఆ ఆగస్టులో 200 తగ్గింది, మరుసటి మార్చిలో ఇంకో 100 తగ్గింది. 2025 ఏప్రిల్‌లో 50 పెరిగింది. ధర మారినప్పుడల్లా లెక్క మళ్లీ వేయాలి. మా అక్క ఇప్పుడు దాని మీద పొద్దున పాలు, కాఫీ మాత్రం కాస్తుంది, "నీ మాట విని కొన్నా కదరా" అని ఏడాదికోసారి గుర్తుచేస్తుంది.

ఇక మిగతా అపోహలు. వీటి మీద ఎక్కువసేపు మాట్లాడే ఓపిక నాకు లేదు.

"ఒక్క యూనిట్ ఎక్కువైతే బిల్లంతా పై రేటుకు వెళ్లిపోతుంది." 2022కు ముందు ఏ, బీ, సీ అని గ్రూపులుండేవి, అప్పుడు ఈ భయంలో నిజముంది. ఆ గ్రూపులు తీసేశారు. ఇప్పుడు 226వ యూనిట్‌కు మీరు అదనంగా కట్టేది రెండు రూపాయల డెబ్బై ఐదు పైసలు. దీనికోసం నెలాఖరున ముసలావిడ గదిలో ఫ్యాను ఆపేసిన ఇల్లు నాకు తెలుసు.

బర్నరు మీద పెట్టే గ్యాస్ సేవర్ జాలీ. పడేయండి. ఎగ్జిబిషన్‌లో అమ్మే పవర్ సేవర్ డబ్బా, ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందట. లోపల ఒక కెపాసిటరు, ఒక ఆకుపచ్చ లైటు ఉంటాయి. ఇంటి మీటరు లెక్కపెట్టేదాన్ని అది తగ్గించలేదు. లైటు వెలిగినందుకు ఎంతో కొంత పెరుగుతుంది కూడా. తెల్లవారుజామున పెట్రోలు కొట్టిస్తే ఎక్కువొస్తుందా అని నన్నడుగుతారు, నేను స్టవ్వు మెకానిక్‌ని. బంకులో ట్యాంకు భూమిలో ఉంటుంది, అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ పెద్ద తేడా రాదు. ఇంతవరకు చెప్పగలను.

బండ అయిపోవచ్చినప్పుడు పడుకోబెట్టడం, అడుగున వేడినీళ్లు పోయడం మాత్రం చేయొద్దు. మిగిలేది రెండు రోజుల వంట, జరగరానిది జరిగితే ఇల్లు. బరువు మీద అనుమానముంటే డెలివరీ కుర్రాణ్ణే తూచమనండి. ఖాళీ బండ బరువు దాని మీదే రాసుంటుంది, దానికి 14.2 కలపండి. సిగ్గుపడే పని కాదు.

డబ్బు పెట్టి ఏదో ఒకటి కొనాల్సిందే అంటే, నా మాట విని 28, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను కొనండి. పాత ఫ్యాను 75 వాట్లు. రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి, అవి కూడా మీ చివరి శ్లాబులోంచే మిగులుతాయి. 6 రూపాయల ఇంట్లో నూట ఇరవై, ఏసీ ఇంట్లో నూట డెబ్బై దాటుతుంది. అరవై యూనిట్ల ఇంట్లో అరవై రూపాయలే. వాళ్లు తొందరపడక్కర్లేదు.

గ్యాస్ త్వరగా అయిపోతోందని నా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమందికి మంట పసుపచ్చగా ఉంటుంది, గిన్నె అడుగు నల్లగా ఉంటుంది. గాలి సరిగ్గా కలవక గ్యాస్ కొంత మసైపోతోందని దానర్థం. బర్నరు రంధ్రాల్లో అన్నం గంజి, గొట్టంలో బొద్దింకలు, సాలీళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడైతే నా కొట్టు ముందు బురద పొయ్యిల గుట్ట. కడిగి, జెట్లు మార్చి గ్యాస్ స్టవ్వులు చాలావరకు బతికించాను. ఇండక్షన్లు మాత్రం ఎక్కువ భాగం తూకానికే పోయాయి. జెట్‌లో గుండుసూది పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదై రోజూ గ్యాస్ ఎక్కువ పోతుంది. మంట "బాగా వస్తోంది" అని సంతోషపడి నాలుగు రోజులు ముందుగా బండ బుక్ చేస్తారు.

మా నాన్న వన్‌టౌన్‌లో పంపు స్టవ్వులు, వత్తుల స్టవ్వులు బాగుచేసేవాడు. అప్పుడు కిరోసిన్ కార్డు మీద లీటర్ల లెక్క. అమ్మ డబ్బా విప్పిన రోజు పొయ్యి వెనక గోడ మీద బొగ్గుతో గీత గీసేది. గీతకూ గీతకూ మధ్య రోజులు తగ్గితే నాన్నకు చెప్పేది, వత్తులు మార్చాల్సొచ్చిందని. ఎన్ని రోజులకు అయిపోయిందో తెలియకుండా ఎక్కువ కాలుతోందని ఎలా అంటారు? భవానీపురం ఆవిడను అదే అడిగాను, గ్యాస్ మానేయకముందు బండ ఎన్ని రోజులొచ్చేదని. క్యాలెండరులో రాసుకుంటుందట, సంతోషమేసింది. రెండేళ్ల క్రితం యాభై రెండు రోజులు, ఈమధ్య నలభై మూడు. ఇంట్లో మనుషులు పెరగలేదు.

పొయ్యి విప్పి బిగించినందుకు డబ్బులివ్వబోతే తీసుకోలేదు. పాత గ్యాస్ స్టవ్వు అటక మీద ఉందంది, పట్టుకురమ్మన్నాను. నిన్న తెచ్చింది. ఎడమ బర్నరు గొట్టంలో చిటికెన వేలంత సాలీడు గూడు.