ఆరు తిరుగుతాయి, నాలుగు మండుతాయి: జోడు జాతి విమానాలు సిమ్యులేటర్‌కు ఎందుకు కొరుకుడు పడలేదు

2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌లో ప్రతి విమానానికీ ఒక సెట్టింగుల ఫైలు ఉంటుంది. ఇంజిన్ ఏ రకమో చెప్పే పంక్తి అందులో ఒకటి. సున్నా వేస్తే పిస్టన్, 1 వేస్తే జెట్, 5 వేస్తే టర్బోప్రాప్ (ప్రొపెల్లర్‌ను తిప్పే టర్బైన్ ఇంజిన్). విమానం మొత్తానికీ ఒకటే అంకె. ఆరు పిస్టన్ ఇంజిన్లూ నాలుగు జెట్లూ ఉన్న కాన్వేర్ బి-36 బాంబర్‌ను తయారుచేద్దామని కూర్చున్నవాళ్లు ఆ పంక్తిలో ఏం రాయాలి? పైగా ఆ సిమ్యులేటర్ నాలుగు ఇంజిన్లకు మించి లెక్కపెట్టదు.

ఈ చిక్కుకు మూలం 1940లలో ఉంది. తొలి జెట్లు ఇంధనం విపరీతంగా తాగేవి, థ్రాటిల్ (ఇంజిన్ బలం పెంచే మీట) తోస్తే తీరిగ్గా స్పందించేవి. పిస్టన్ ఇంజిన్లు దూరం పోగలవు గానీ వేగం దగ్గర చేతులెత్తేసేవి. రెంటినీ ఒకే విమానానికి కట్టేస్తే? 1944లో ఎగిరిన ర్యాన్ ఫైర్‌బాల్‌కు ముక్కులో పిస్టన్, తోకలో జెట్. 1945 నవంబరులో ఒక ఫైర్‌బాల్ విమానవాహక నౌక వేక్ ఐలండ్ మీద దిగబోతుండగా ముందున్న పిస్టన్ మొరాయించింది. పైలట్ వెనక జెట్ రాజేసి ఎలాగో దిగాడు. నౌక మీద జెట్ బలంతో జరిగిన మొదటి ల్యాండింగ్ అదే, అదీ అనుకోకుండా!

బి-36 తొలిసారి 1946లో ఎగిరింది. 28 సిలిండర్ల ఇంజిన్లు ఆరున్నా వేగం చాలలేదని, డి మోడల్ నుంచి రెక్కల చివర్ల వైపు జంటలుగా నాలుగు జె47 జెట్లు వేలాడదీశారు. ‘ఆరు తిరుగుతాయి, నాలుగు మండుతాయి’ అన్న సిబ్బంది మాట అప్పుడు పుట్టిందే. వేరే ట్యాంకులు మోయకుండా ఆ జెట్లను కూడా పెట్రోలు తాగేలా మార్చారు. టేకాఫ్‌కీ, ఎత్తు ఎక్కడానికీ, లక్ష్యం మీద పరుగుకీ అవి పనిచేసేవి. మిగతా దారంతా ఆపేసి, గాలి దూరకుండా మూతులకు రేకులు మూసేవారు.

నెప్ట్యూన్ గస్తీ విమానాలకు జె34 జెట్లు వచ్చాయి. కేసీ-97 ట్యాంకర్ల కథ మరీ విడ్డూరం. బి-47 జెట్ బాంబర్లకు గాల్లో ఇంధనం పోయాలంటే వాటి వేగం అందుకోలేక, రెండు విమానాలూ మెల్లగా కిందికి జారుతూ పని కానిచ్చేవి. చివరికి కేసీ-97ఎల్‌కు రెండు జె47లు తగిలించారు. తర్వాత వచ్చినవి ఎక్కువగా టేకాఫ్ సాయానికే: బ్రిటిష్ షాకిల్టన్‌కు వైపర్లు, సి-123కె ప్రొవైడర్‌కు జె85లు. భారత వైమానిక దళం ప్యాకెట్ విమానాలైతే బెంగళూరులో తయారైన ఓర్ఫియస్ జెట్‌ను ఏకంగా వీపు మీదే మోశాయి.

బి-36లు 1959లో సెలవు తీసుకున్నాయి. మైక్రోసాఫ్ట్ మొదటి ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చింది 1982లో. అప్పటికి బయట ఆకాశంలో చిన్న సెస్నా ఒక పక్క, బిజినెస్ జెట్ ఒక పక్క. రెండూ కలిసిన జాతి ఒకటుండేదని ఫైలు నమూనా రాసేవాళ్లకు గుర్తుండకపోవడంలో వింత లేదు. ‘విమానానికో ఇంజిన్ రకం’ అన్న ఊహ అలా ఫైల్లో గట్టిపడిపోయింది.

దీనికి ఔత్సాహికులు కనిపెట్టిన అడ్డదారి, జెట్లను బొమ్మగా, శబ్దంగా పెట్టి, వాటి బలాన్ని పిస్టన్ల హార్స్‌పవర్‌లో కలిపేయడం. చూడ్డానికి బాగుంటుంది, లెక్క మాత్రం తప్పుతుంది. ప్రొపెల్లర్ ఇచ్చేది పవర్. దాన్ని వేగంతో భాగిస్తేనే థ్రస్ట్, అంటే ముందుకు తోసే బలం. 3,500 హార్స్‌పవర్ ఇంజిన్, 80 శాతం సామర్థ్యమున్న ప్రొపెల్లర్ తీసుకుందాం. గంటకు 200 మైళ్ల దగ్గర థ్రస్ట్ 5,250 పౌండ్లు. 400 మైళ్ల దగ్గర అందులో సగం, 2,625. నేల మట్టంలో సుమారు 5,200 పౌండ్లిచ్చే జె47కు వేగం పెరిగినా అలాంటి పతనం లేదు. దాన్ని తగ్గించేది ఎత్తు, పైన పలచబడే గాలి. కాబట్టి జెట్‌ను హార్స్‌పవర్‌గా మార్చి కలిపితే ఏదో ఒక్క వేగం దగ్గరే లెక్క సరిపోతుంది. అంతకన్నా నెమ్మదిగా ఉంటే బలం ఎక్కువ, వేగం మించితే తక్కువ. అంటే జెట్ల అసలు ప్రయోజనం కనిపించాల్సిన చోటే అవి మాయమవుతాయి.

దారి వేరేచోట తెరుచుకుంది. ఓపెన్ సోర్స్‌గా పెరిగిన జేఎస్‌బీసిమ్ అనే విమాన గమన లెక్కల ప్రోగ్రాంలో ప్రతి ఇంజిన్‌కూ సొంత ఫైలుంటుంది. దాని బలాన్ని గాలికి అందించే ప్రొపెల్లర్‌నో నాజిల్‌నో విడిగా చెప్పాలి. ఏ ఇంజిన్ ఏ ట్యాంకు నుంచి తాగుతుందో కూడా రాయాలి. పిస్టన్ పక్కన జెట్ పెడితే అభ్యంతరం లేదు. ఎక్స్-ప్లేన్ సిమ్యులేటర్‌లోనూ రకాన్ని ఇంజిన్ ఇంజిన్‌కూ ఎంచుకోవచ్చు. ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్‌లో ఉన్న యాసిమ్ లెక్కల పద్ధతి కూడా రెంటినీ కలపనిస్తుంది, కాకపోతే అందులో ఒక గోతి ఉంది. క్రూజ్ వేగం, ఆ సమయంలో థ్రాటిళ్ల స్థితి మనం చెబితే, విమానపు డ్రాగ్‌ను (గాలి నిరోధాన్ని) అదే వెనక్కి లెక్కగట్టుకుంటుంది. పుస్తకంలో చూసిన గరిష్ఠ వేగం వేసి, జెట్ల థ్రాటిల్ తెరవడం మరిచామా, ఆ వేగమంతా పిస్టన్ల పుణ్యమే అనుకుని డ్రాగ్‌ను అన్యాయంగా తగ్గించేస్తుంది. తర్వాత జెట్లు వెలిగిస్తే విమానం రాకెట్టే. ఈ తప్పు చాలాసార్లు ఇంజిన్ మీద పడుతుంది, పాపం.

నా మట్టుకు కష్టమైన భాగం జెట్లు మండుతున్నప్పుడు కాదు, ఆరినప్పుడే. బి-36 రేకులు మూస్తే డ్రాగ్ ఎంత తగ్గాలి? మూయకపోతే గాలికి ఊరికే తిరిగే టర్బైన్ ఎంత లాగాలి? చాలా మోడళ్లలో ఆరిపోయిన జెట్ అంటే సున్నా థ్రస్ట్, అంతే. ఒకే పెట్రోలు ట్యాంకు పంచుకునే జెట్లు అరగంట ఎక్కువ మండితే ఇల్లు చేరే దూరం ఎంత కుంగుతుందో కూడా కనిపించాలి. ప్యాకెట్ లాంటి దానికి వీపు మీది జెట్ ముక్కును కిందికి తోయాలి, పైలట్ చేతికి ఆ బరువు తెలియాలి.

సరిచూసుకోవడానికి అన్నింటికన్నా వీలైనది ఆంతొనోవ్ అన్-26. రెండు టర్బోప్రాప్‌లకు తోడు, సుమారు 800 కిలోల థ్రస్టిచ్చే చిన్న ఆర్‌యూ-19 జెట్ కుడి నాసెల్‌లో (ఇంజిన్ గూడులో) మాత్రమే ఉంటుంది. నేల మీద కరెంటిచ్చేదీ, పెద్ద ఇంజిన్లను లేపేదీ అదే. సిమ్యులేటర్ రన్‌వే మీద రెండు ప్రొపెల్లర్ల బలం సమానంగా ఉంచి, గాలి లేకుండా చేసి, పరుగు మధ్యలో ఆ జెట్‌ను పెంచి చూడండి. ముక్కు ఎడమకు లాగకపోతే అందులో ఉన్నది శబ్దం చేసే బొమ్మే.