స్కోరు పుస్తకంలో రెండో పేరు: క్రికెట్ అభిమానుల అపోహలు, వాస్తవాలు

1999 నవంబరు 8న తెల్లవారకముందే నల్లగొండలో బస్సెక్కి హైదరాబాద్ ఎల్బీ స్టేడియానికి వెళ్లాం. న్యూజిలాండ్‌పై సచిన్ అజేయంగా 186 పరుగులు చేశాడు. తిరుగు బస్సులో చౌటుప్పల్ దాటినా ఆ 186 తప్ప మరో మాట లేదు. ద్రవిడ్ ఎంత కొట్టాడని ఒకాయన అడిగితే, ‘ఏదో యాభయ్యో అరవయ్యో’ అన్నాడు వెనక సీటు పెద్దమనిషి. నా ఒళ్లో ఉన్న నోటుపుస్తకంలో ద్రవిడ్ పేరు పక్కన 153 ఉంది. ఆ ఇద్దరూ రెండో వికెట్‌కు జోడించిన 331 పరుగులు వన్డేల్లో 2015 దాకా ఏ వికెట్‌కైనా అత్యధికం.

తరువాత నేను జిల్లా లీగులకు స్కోరర్‌నయ్యాను. ఎన్జీ కాలేజీ మైదానం అంచున వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుంటాను. ఆ బల్ల చుట్టూ చేరేవాళ్ల దగ్గర పదే పదే వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: గెలిపించేది చివరి సిక్సర్.

వాస్తవం: 2011 ప్రపంచకప్ ఫైనల్ అనగానే ధోనీ కొట్టిన సిక్సర్ కళ్లముందు ఆడుతుంది. అది ఆడవలసిందే. కానీ సెహ్వాగ్ సున్నాకు, సచిన్ 18కి వెనుదిరిగి, 31కి రెండు వికెట్లు పోయినప్పటి సంగతేమిటి? అలాంటి ఆటలో 122 బంతుల్లో 97 పరుగులు చేసి గంభీర్ అవుటయ్యేసరికి కావలసినవి 52 మాత్రమే. అంతకు ముందు శ్రీలంక బ్యాటింగ్‌లో జహీర్ తొలి విడత అయిదు ఓవర్లు వేస్తే అందులో మూడు మెయిడెన్లు (పరుగు రాని ఓవర్లు), ఇచ్చినవి ఆరు పరుగులు, ఒక వికెట్. గంభీర్‌ను పొగడాలంటే ధోనీని తిట్టాలనుకునేవారూ మా బల్ల దగ్గరికి వస్తారు. వాళ్లతో ఇంకా కష్టం.

అపోహ: డాట్ బాల్ అంటే వృథా అయిన బంతి.

వాస్తవం: నా పని చూసినవారికి ఇది సులువుగా తెలుస్తుంది. పరుగు రాని ప్రతి బంతికీ, అంటే డాట్ బాల్‌కు, ఒక చుక్క చొప్పున బౌలర్ గడిలో పైన మూడు, కింద మూడు పెడతాం. ఆరు బంతులకూ పరుగు రాకపోతే ఆ చుక్కలను గీతతో కలిపి ఇంగ్లిష్ ‘ఎం’ అక్షరం చేస్తాం. అదే మెయిడెన్. ఆ అక్షరం గీసినప్పుడల్లా బౌలర్ వైపు వాళ్లు చప్పట్లు కొడతారు, బ్యాట్స్‌మన్ వైపు వాళ్లు విసుక్కుంటారు. ఆ ఆరు బంతులు వేయడానికి బౌలర్ ఎంత అలసిపోయాడో రాయడానికి మాత్రం గడి లేదు.

2018-19లో ఆస్ట్రేలియా గడ్డపై భారత్ తొలిసారి టెస్టు సిరీస్ గెలిచినప్పుడు పుజారా 1258 బంతులు ఎదుర్కొని 521 పరుగులు చేశాడు. 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో చివరి రోజు 211 బంతుల్లో 56. బంతులు ఒంటికి, హెల్మెట్‌కు తగులుతున్నా కదల్లేదు. ఆ సాయంత్రం పంత్ కొట్టిన అజేయ 89 అందరికీ గుర్తుంది. దానికి ముందరి వారం సిడ్నీలో మన తెలుగువాడు హనుమ విహారి, తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఆడి 23తో నిలిచాడు. అవతలి కొన వద్ద అశ్విన్ 128 బంతులకు 39. మ్యాచ్ డ్రా అయింది. ఆ మ్యాచ్‌ను నేను ఇంట్లో టీవీ ముందు కూర్చుని చుక్క చుక్కా రాసుకున్నాను. మా ఆవిడకు నా మీద అనుమానం వచ్చింది ఆ రోజే.

అపోహ: బాగా ఆడితే జట్టులో చోటు ఎక్కడికీ పోదు.

వాస్తవం: 2013 నవంబరులో ముంబయిలో సచిన్ వీడ్కోలు టెస్టు. దేశమంతా ఏడ్చింది. ఆ మ్యాచ్‌లో పది వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ అందుకున్నది హైదరాబాద్ రంజీ జట్టు స్పిన్నర్ ప్రజ్ఞాన్ ఓఝా. 24 టెస్టుల్లో 113 వికెట్లు. ఇరవై అయిదో టెస్టు లేదు.

అపోహ: క్యాచ్ వదిలినవాడే మ్యాచ్ ఓడగొట్టాడు.

వాస్తవం: 2025 ఆగస్టులో ఇంగ్లండ్‌తో ఓవల్ టెస్టు నాలుగో రోజు, బ్రూక్ 19 మీద ఉండగా సిరాజ్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కాడు. బ్రూక్ 111 చేశాడు. మా వాళ్లు ఆ రాత్రి సిరాజ్‌ను ఎన్ని మాటలన్నారో ఇక్కడ రాయలేను. మర్నాడు అతనే చివరి వికెట్ తీయగా భారత్ ఆరు పరుగులతో గెలిచింది; ఆ మ్యాచ్‌లో అతనికి తొమ్మిది వికెట్లు. అవే నోళ్లు ఆ సాయంత్రం మిఠాయి పంచాయి.

అపోహ: స్కోరు పుస్తకంలో అంతా ఉంటుంది.

వాస్తవం: ఇది చాలాకాలం నా అపోహే. మొన్న ఒక లీగ్ మ్యాచ్‌లో దేవరకొండ వైపు కుర్రాడొకడు వికెట్‌కీపింగ్ చేశాడు. పగుళ్లు తేలిన పిచ్, లెగ్‌స్పిన్నర్, బంతి ఒకటి పైకి, ఒకటి పాదాల దగ్గరికి. నలభై ఓవర్లలో ఒక్క బై (బ్యాటుకు తగలకుండా కీపర్‌ను దాటిపోయిన బంతికి వచ్చే పరుగు) పోనివ్వలేదు. క్యాచ్ రాలేదు, స్టంపింగ్ రాలేదు. వాడి జట్టు ఆరు వికెట్లతో గెలవడంతో ఎనిమిదో స్థానంలో ఉన్న వాడికి బ్యాటింగూ రాలేదు. ఆట ముగిశాక గ్లవ్స్ చంకన పెట్టుకుని బల్ల దగ్గరికొచ్చి, ‘సార్, నా పేరు మీద ఏమైనా ఉందా?’ అని అడిగాడు.

పుస్తకం తిప్పి, ఎక్స్‌ట్రాల దగ్గర ‘బైలు’ అన్న గడి మీద వేలు పెట్టి చూపించాను.

వాడు వంగి చూశాడు. ‘అక్కడ ఏమీ లేదు కదా సార్’ అన్నాడు.