గనితో పోయిన జట్టు

చిగురుగుంట బంగారు గని మళ్ళీ తెరుస్తారట అన్న మాట వచ్చినప్పుడల్లా కుప్పం టీ అంగళ్ళలో అందరూ అడిగేది ఉద్యోగాలు ఎన్ని వస్తాయనే. అడగాల్సిందే. 2001లో కేజీఎఫ్‌ (కోలార్ బంగారు గనులు)తో పాటు ఈ గని కూడా మూతపడినప్పుడు గుడుపల్లె వైపు ఎన్ని ఇళ్ళల్లో జీతం ఆగిపోయిందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. అయితే గని మూతపడితే జీతం ఒక్కటే పోదు. నాకు స్కాట్లాండ్‌లోని గ్లెన్‌బక్ గుర్తొస్తుంది.

అది ఎయిర్‌షైర్ కొండల్లో ఒక బొగ్గు ఊరు. వెయ్యి గడప కూడా లేదు. 1870ల చివర్లో గని కార్మికులు అక్కడొక ఫుట్‌బాల్ క్లబ్ పెట్టుకున్నారు. ముందు గ్లెన్‌బక్ అథ్లెటిక్, తర్వాత చెర్రీపికర్స్. ఆ పేరెలా వచ్చిందో తలా ఒక కథ చెబుతారు. వాళ్ళు ఆడింది 'జూనియర్' ఫుట్‌బాల్. జూనియర్ అంటే పిల్లలనుకునేరు, అక్కడ అదొక స్థాయి పేరు. ఆడేది షిఫ్టు దిగొచ్చిన మగవాళ్ళే.

ఆ ఒక్క ఊరి నుంచి యాభై మంది దాకా ప్రొఫెషనల్ ఆటగాళ్ళయ్యారు. వాళ్ళలో శాండీ బ్రౌన్ సంగతి చూడండి. 1901లో లండన్ క్లబ్ టాటెన్‌హామ్ ఇంగ్లండ్‌లో పెద్ద పోటీ అయిన ఎఫ్ఏ కప్ గెలిచింది, అప్పటికి ఆ జట్టు అక్కడి ప్రధాన పోటీ ఫుట్‌బాల్ లీగ్‌లోనే లేదు. ఆ కప్‌లో బ్రౌన్ కొట్టిన గోల్స్ 15. లక్షకు పైగా జనం ముందు జరిగిన ఫైనల్ 2-2తో డ్రా అయితే ఆ రెండూ అతనివే. మళ్ళీ ఆడిన మ్యాచ్‌లోనూ ఒకటి కొట్టాడు.

ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్‌ని నిలబెట్టిన మేనేజర్ బిల్ షాంక్లీ కూడా 1913లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఐదుగురు అన్నదమ్ములూ ప్రొఫెషనల్సే. బిల్ బడి మానేసి గనిలో చేరాడు. బొగ్గు తరిగి గనులు ఒక్కొక్కటే మూతపడుతున్న కాలం అది. పనికోసం కుటుంబాలు కదిలిపోతుంటే ఆడేవాళ్ళెవరు? 1931లో క్లబ్బూ ఆగిపోయింది. జట్టులో చోటు దొరికే వయసొచ్చేసరికి బిల్‌కి సొంతూళ్ళో జట్టే లేదు. క్రాన్‌బెర్రీ అనే ఊరికి వెళ్ళి ఆడాడు, అక్కణ్ణుంచి 1932లో ఇంగ్లండ్‌లోని కార్లైల్ క్లబ్బుకు.

తర్వాత ఊరూ ఖాళీ అయింది. చివరికి నేలను పైనుంచే తవ్వేసే ఓపెన్‌కాస్ట్ యంత్రాలొచ్చి, మిగిలిన ఆనవాళ్ళ కింది బొగ్గు కూడా తవ్వుకుపోయాయి. ఇప్పుడక్కడ షాంక్లీ పేరు చెక్కిన ఒక నల్లరాయి ఉంది. లివర్‌పూల్ అభిమానులు వచ్చి దానికి ఎర్ర మఫ్లర్లు చుట్టి పోతుంటారు.