తుడిచేసిన కేసు ఉన్నట్లా, లేనట్లా? అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలో ఇమ్మిగ్రేషన్ లాయరుగా పనిచేస్తున్నాను. అప్పుడప్పుడు సుపీరియర్ కోర్టులో తాత్కాలిక న్యాయమూర్తిగా ట్రాఫిక్ కేసులు, స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల డబ్బు తగాదాల) కేసులు వింటాను. అది తెలిసి “మీరే జడ్జి కదండీ, మావాడి గ్రీన్‌కార్డు గురించి ఒక మాట చెప్పండి” అని అడుగుతుంటారు. కుదరదు. నాది రాష్ట్ర కోర్టు, అదీ ఇరుపక్షాలు ఒప్పుకుంటేనే. ఇమ్మిగ్రేషన్ జడ్జీలు ఫెడరల్ న్యాయశాఖ ఉద్యోగులు.

నాకు నిద్ర పట్టనివ్వని అపోహ వేరే ఉంది. “కేసు ఎక్స్‌పంజ్ అయిపోయింది, అంటే కోర్టు తుడిచేసింది, ఇక లేనట్లే!”

ఉంది. కాలిఫోర్నియా శిక్షాస్మృతి 1203.4 కింద కోర్టు కేసు కొట్టేసినా ఇమ్మిగ్రేషన్ చట్టానికి అది అలాగే ఉంటుంది. 1996లో అమెరికా కాంగ్రెస్ మార్చిన నిర్వచనం ప్రకారం, నేరం ఒప్పుకొనో, ‘నో కాంటెస్ట్’ (ఒప్పుకోను, కానీ వాదించను) అనో, ఆపైన ఏదో ఒక శిక్ష పడితే చాలు, దోషిగా తేలినట్లే.

నా దగ్గరికి వచ్చిన ఒక ఇంజనీరు సంగతి చెబుతాను. చదువుకునే రోజుల్లో దుకాణంలో చిన్న వస్తువు డబ్బు కట్టకుండా తెచ్చాడు. నేరం ఒప్పుకున్నాడు, జరిమానా కట్టాడు, తరువాత ఎక్స్‌పంజ్ చేయించుకున్నాడు. గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్నకు, రూమ్మేట్ మాట నమ్మి, ‘లేదు’ అని రాశాడు. రికార్డు మూసేసినా, తుడిచేసినా ‘అవును’ అనే రాయాలని ఆ ఫారంలోనే ఉంది. వేలిముద్రలతో అంతా బయటపడింది. ఆ ఒక్క చిన్న దొంగతనానికి చట్టంలోనే మినహాయింపు ఉంది. ‘లేదు’ అన్న ఆ ఒక్క మాటకే మోసం ఆరోపణ వచ్చింది. దానికి మాఫీ కోరాలంటే భార్యో, తల్లిదండ్రుల్లో ఒకరో అమెరికా పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయి ఉండాలి. ఆయనకు అలాంటివాళ్లు ఎవరూ లేరు. నా ఎదుట కూర్చుని భార్య వైపు చూడలేకపోయాడు. వాట్సాప్‌లో సలహాలు పంచేవాళ్లు ఆ ముఖం ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది.

అందుకే ప్లీకి, అంటే కోర్టులో నేరం ఒప్పుకోవడానికి, ముందే లాయరును అడగండి. పౌరులు కానివారికి ప్లీ వల్ల దేశం వదలాల్సిన ప్రమాదం ఉంటే క్రిమినల్ లాయరు చెప్పి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు 2010లో పడిల్లా కేసులో తేల్చింది. నేరం ఒప్పుకోకుండా దొరికే డైవర్షన్ (షరతులు పూర్తిచేస్తే కేసు కొట్టేసే ఏర్పాటు) ఇమ్మిగ్రేషన్ చట్టంలో సాధారణంగా దోషిగా తేలడం కిందికి రాదు. ఒప్పుకున్నాక దొరికేది రావచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

తాగి నడిపిన కేసులో శిక్ష పడకపోయినా, ఆ అరెస్టు ఆధారంగానే అమెరికా కాన్సులేట్ వీసా రద్దు చేయగలదు. స్మాల్ క్లెయిమ్స్‌లో అద్దె అడ్వాన్సు కోసం దావా వేస్తే వీసా పోదు. 

ఇక ట్రాఫిక్ టికెట్లు. 2025 ఏప్రిల్‌లో చిన్నచిన్న పోలీసు రికార్డులకే విదేశీ విద్యార్థుల సెవిస్ (వారి వివరాలు ఉండే ప్రభుత్వ డేటాబేస్) నమోదులు రద్దు చేసి, కోర్టుల్లో వ్యాజ్యాలు పడ్డాక పునరుద్ధరించారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఒక ఉదయం స్పీడింగ్ టికెట్ పట్టుకుని ఒక అమ్మాయి నా ముందు నిలబడింది. “వీసా పోతుందా?” అని వణుకుతూ అడిగింది. ఆ కుర్చీలో ఉండి న్యాయసలహా ఇవ్వకూడదు. లాయరును అడగమని మాత్రమే చెప్పగలిగాను. ఆమెకు చెప్పలేకపోయింది ఇదీ: మామూలు స్పీడింగ్ జరిమానా దేశం నుంచి పంపేసే కారణాల్లో లేదు. భయపడి కోర్టుకు రాకుండా ఉండిపోతేనే అది ఇంకో నేరంగా మారగలదు. నువ్వు వచ్చావు, మంచి పని చేశావు తల్లీ.